సంతకం ఎవరిది, తాకట్టు ఎవరిది: తొలి ప్రపంచ యుద్ధ కాలంలో చైనా అప్పులు

(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికీ, ఈ సభ ఏర్పాటు చేసిన గ్రంథాలయ మిత్రులకూ కృతజ్ఞతలు.

తొలి ప్రపంచ యుద్ధం అనగానే మనకు ఫ్రాన్స్‌లోని కందకాలు, మెసొపొటేమియా వెళ్లిన మన సిపాయిలు గుర్తొస్తారు. అదే సమయంలో బీజింగ్‌లో ఇంకో పోరు నడిచింది. అక్కడ తుపాకులు పేలలేదు. రాయబార కార్యాలయాల్లో, బ్యాంకు మేనేజర్ల గదుల్లో, అప్పు పత్రాల మీద నడిచింది. యూరప్‌లో ఒకే పక్షాన పోరాడుతున్న దేశాలు బీజింగ్‌లో మాత్రం ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, జపాన్, తర్వాత అమెరికా: అన్నీ మిత్రపక్షాలే, చైనాకు ఎవరు అప్పివ్వాలన్న దగ్గర మాత్రం ఎవరి దారి వాళ్లదే.

ఆ కాలం కాగితాలు చదివాక నాకు బలంగా అనిపించినదొకటి ముందే చెప్పేస్తాను. చైనాకు అప్పు ఇవ్వగల శక్తి కంటే, మరొకరు ఇవ్వకుండా ఆపగల శక్తికే అప్పట్లో విలువ ఎక్కువ. ఈ లాగులాటలో, ఆ అప్పు తీర్చాల్సిన చైనా ప్రజలను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు.

కథ యుద్ధానికి రెండేళ్ల ముందు మొదలవుతుంది. 1912లో చింగ్ రాజవంశం పోయింది, రిపబ్లిక్ వచ్చింది. ఖజానా ఖాళీ. పాత అప్పులున్నాయి. విదేశీయుల మీద జరిగిన బాక్సర్ తిరుగుబాటుకు 1901లో చైనా మీద వేసిన నష్టపరిహారం, అసలే 45 కోట్ల తాయెళ్లు (తాయెల్ అంటే వెండి కొలత), 4 శాతం వడ్డీతో 39 ఏళ్లపాటు కట్టాలి. అధ్యక్షుడు యువాన్ షికాయ్‌కి సైన్యం జీతాలకు కూడా డబ్బు లేదు. విదేశీ బ్యాంకుల కూటమి, అంటే కన్సార్టియం, అప్పు ఇస్తామంది. ఇంగ్లండ్ తరఫున హాంకాంగ్ షాంఘై బ్యాంకు, జర్మనీ తరఫున డాయిష్ ఏషియాటిష్ బ్యాంకు, జపాన్ తరఫున యొకొహామా స్పీషీ బ్యాంకు, ఇంకా ఫ్రెంచి, రష్యన్ బ్యాంకులు అందులో ఉన్నాయి. అమెరికా బ్యాంకులు కూడా మొదట్లో ఉన్నాయి. కానీ 1913 మార్చి 18న అధ్యక్షుడు వుడ్రో విల్సన్ తన ప్రభుత్వ మద్దతు తీసేశాడు. ఈ అప్పు షరతులు చైనా పరిపాలనా స్వాతంత్ర్యాన్నే తాకుతున్నాయని బహిరంగంగా ప్రకటించాడు. ఈ విల్సన్ నిర్ణయాన్ని గుర్తుపెట్టుకోండి, ఐదేళ్ల తర్వాత ఆయనే దీన్ని తిరగరాస్తాడు.

విల్సన్ ప్రకటన వచ్చిన రెండు రోజులకే షాంఘై రైల్వే స్టేషన్లో సోంగ్ జియావ్‌రెన్ మీద కాల్పులు జరిగాయి. ఎన్నికల్లో గెలిచిన గ్వోమిన్‌డాంగ్ పార్టీ నాయకుడు ఆయన, పార్లమెంటు యువాన్‌ని అదుపులో పెట్టాలని పట్టుబట్టినవాడు. రెండు రోజుల్లో చనిపోయాడు. ఐదు వారాలకే, ఏప్రిల్ 26న, పార్లమెంటు ఆమోదం లేకుండానే యువాన్ ప్రభుత్వం ఐదు దేశాల బ్యాంకులతో రెండున్నర కోట్ల పౌండ్ల అప్పు మీద సంతకం పెట్టింది. దీన్నే పునర్వ్యవస్థీకరణ రుణం అంటారు. ఆ వేసవిలో దక్షిణ రాష్ట్రాలు తిరగబడితే, యువాన్ వాటిని అణిచేశాడు. అప్పిచ్చిన బ్యాంకులు ఎవరి పక్షాన ఉన్నాయో చైనాలో అందరికీ అర్థమైంది.

ఈ అప్పు లెక్క కొంచెం చూడండి. కాగితం మీద రెండున్నర కోట్ల పౌండ్లు. బాండ్లను నూటికి 90 చొప్పున అమ్మారు, చైనాకు ముట్టింది నూటికి 84. అంటే 2 కోట్ల 10 లక్షలు. అందులోంచి పాత బకాయిలు, వాయిదాలు ముందే కోసేసుకున్నారు. 5 శాతం వడ్డీతో 1960 దాకా కట్టాల్సిన మొత్తం దాదాపు 6 కోట్ల 80 లక్షల పౌండ్లు. తాకట్టు పెట్టింది ఉప్పు పన్నును, అంటే చైనాలో ప్రతి కుటుంబం రోజూ కట్టే పన్నును.

ఇక్కడ మన దేశంతో ఒక నిజమైన ముడి ఉంది. ఆ ఉప్పు రాబడిని కాపలా కాయడానికి బ్యాంకులు విదేశీ అధికారి కావాలన్నాయి. వచ్చినవాడు సర్ రిచర్డ్ డేన్. ఐసీఎస్ మనిషి. బ్రిటిష్ ఇండియాలో ఎక్సైజ్, ఉప్పు శాఖలకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసి రిటైరైనవాడు. మన కోస్తాలో ఉప్పు మళ్లు వేసిన వాళ్లనుంచి పన్ను పిండిన ఆ వ్యవస్థలో ఆరితేరిన అనుభవం బీజింగ్‌కు ఎగుమతి అయింది. డేన్ సమర్థుడు, అందులో సందేహం లేదు. ఉప్పు తయారయ్యే చోటే పన్ను వసూలు చేయించాడు, మధ్యలో తినేసేవాళ్లను తగ్గించాడు, రాబడి బాగా పెరిగింది. అయితే ఆ రాబడి విదేశీ బ్యాంకుల ఖాతాల్లో పడేది. వాయిదాలు పోగా మిగిలిన సొమ్ము, దాన్ని ఉప్పు మిగులు అనేవారు, చైనా ప్రభుత్వానికి రావాలంటే చైనా అధికారి సంతకంతో పాటు విదేశీ అధికారి సంతకం కూడా ఉండాలి. ఒక దేశం తన సొంత పన్ను డబ్బు తాను తీసుకోవడానికి పరాయివాడి సంతకం కోసం ఎదురుచూడటం ఎంత అవమానమో మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. ఉప్పు రాబడి మీద గానీ, ఇలాంటి పరిపాలన అవసరాలకు గానీ చైనా ఇకముందు అప్పు చేయాలంటే, ముందు ఈ బ్యాంకులకే అవకాశం ఇవ్వాలి. మన పల్లెల్లో ఒకప్పుడు పెట్టుబడి పెట్టిన షావుకారు, పంట మొత్తం తనకే తోలాలనీ, ఇంకో షావుకారు గడప తొక్కకూడదనీ రైతు దగ్గర మాట తీసుకునేవాడు. సరిగ్గా అలాంటిది.

1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది. లండన్, పారిస్ డబ్బంతా యుద్ధానికే పోతోంది, బయటి దేశాలకు బాండ్లు అమ్మే దారి మూసుకుపోయింది. కూటమిలోని జర్మన్ బ్యాంకు ఇప్పుడు శత్రువు బ్యాంకు. అంటే ఇచ్చే హక్కున్న కూటమి దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు. కానీ ఆపే హక్కు అలాగే ఉంది. ఇక జపాన్ ఆ నవంబరులో షాన్‌డాంగ్ రాష్ట్రంలో జర్మనీ చేతిలో ఉన్న చింగ్‌దావో రేవును పట్టుకుంది. 1915 జనవరిలో చైనా మీద తన పట్టు పెంచే 21 కోర్కెలు పెట్టింది, మే నెలలో అల్టిమేటం ఇచ్చి చాలావరకు ఒప్పించుకుంది.

యువాన్ చక్రవర్తి కావాలని ప్రయత్నించి, 1916 మార్చిలో వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఆ హంగామాకు ప్రభుత్వ బ్యాంకుల నుంచి డబ్బు తోడేశారు. మే 12న బ్యాంక్ ఆఫ్ చైనా, బ్యాంక్ ఆఫ్ కమ్యూనికేషన్స్ నోట్లకు వెండి నాణేలు ఇవ్వడం ఆపేయాలని ఆదేశం వచ్చింది. షాంఘైలోని బ్యాంక్ ఆఫ్ చైనా శాఖ మాత్రం ఆ ఆదేశాన్ని పాటించలేదు. క్యూలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ వెండి ఇచ్చింది. ఈ మొత్తం కథలో నాకు గౌరవం కలిగించిన చైనా బ్యాంకర్లు వాళ్లు. మాట తప్పమని సొంత ప్రభుత్వమే చెప్పినా, ఖాతాదారుడికి ఇచ్చిన మాటే నిలబెట్టారు.

జూన్ 6న యువాన్ చనిపోయాడు. ఇప్పుడు అప్పు ఎక్కడ దొరుకుతుంది? అమెరికా దగ్గర డబ్బుంది. అప్పటికే, ఏప్రిల్‌లో, బోస్టన్‌కు చెందిన లీ హిగ్గిన్‌సన్ కంపెనీ 50 లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకుని, 10 లక్షలు ఇచ్చి ఆగిపోయింది. నవంబరులో షికాగోలోని కాంటినెంటల్ అండ్ కమర్షియల్ బ్యాంకు పొగాకు, మద్యం పన్నుల తాకట్టు మీద 50 లక్షల డాలర్లు ఇచ్చింది. కూటమి బ్యాంకులు వెంటనే నిరసన తెలిపాయి. తమ దగ్గర ఇవ్వడానికి డబ్బు లేకపోయినా, వేరేవాళ్లు ఇవ్వడం మాత్రం ఒప్పుకోలేదు.

రైల్వేల సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1916లో సీమ్స్ కేరీ అనే అమెరికన్ కంపెనీ పెద్ద ఎత్తున రైలు మార్గాలు వేయడానికి ఒప్పందం చేసుకుంది. ఉత్తరాన ఒక లైను ప్రతిపాదిస్తే రష్యా లేచింది. బీజింగ్‌కు ఉత్తరాన రైళ్లు వేస్తే ముందు మమ్మల్నే అడుగుతామని 1899లో మాటిచ్చారంది. దక్షిణాన గ్వాంగ్‌షీ మీదుగా లైను అంటే ఫ్రాన్స్ లేచింది. ఆ రాష్ట్రంలో మాకే ప్రాధాన్యమని 1914లో మాటిచ్చారంది. షాన్‌డాంగ్‌లో గ్రాండ్ కెనాల్ మరమ్మతుకు అమెరికన్ డబ్బు వస్తుంటే, అక్కడ జర్మనీ హక్కులకు వారసులం మేమేనని జపాన్ పట్టుబట్టి వాటా తీసుకుంది. చైనా మ్యాపు మీద ఎక్కడ వేలు పెట్టినా ఎవరో ఒకరి దగ్గర పాత కాగితం ఉంది.

1917 ఫిబ్రవరిలో అమెరికా జర్మనీతో సంబంధాలు తెంచుకుని, తటస్థ దేశాలనూ అదే చేయమంది. బీజింగ్‌లో అమెరికా రాయబారి పాల్ రైన్ష్. చైనా మీద నిజమైన అభిమానం ఉన్న ప్రొఫెసర్. మీరు మాతో వస్తే అప్పు, సాయం అందేలా చూస్తానని, వాషింగ్టన్ నుంచి స్పష్టమైన ఆదేశం రాకముందే హామీ ఇచ్చాడు. కోటి డాలర్ల మాట కూడా నడిచింది. వాషింగ్టన్ ఆ హామీని బలపరచలేదు. అదే నెలలో చైనా కూలీలతో వెళ్తున్న అథోస్ అనే ఫ్రెంచి ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది, వందలమంది కూలీలు చనిపోయారు. యుద్ధం ముగిసేసరికి దాదాపు 1 లక్షా 40 వేల మంది చైనా కూలీలు బ్రిటన్, ఫ్రాన్స్‌ల కోసం యూరప్‌లో కందకాలు తవ్వారు, గుండ్లు మోశారు, శవాలు పూడ్చారు. చైనా యుద్ధంలో పాల్గొనడం అంటే నిజంగా వీళ్లే. అప్పుల చర్చల్లో మాత్రం వీళ్ల ప్రస్తావన ఎక్కడా లేదు.

ఇక చైనాకు తెలియకుండా జరిగిన సంగతి ఒకటి. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, ఇటలీ షాన్‌డాంగ్‌లోని జర్మనీ హక్కుల విషయంలో జపాన్‌ను బలపరుస్తామని రహస్యంగా హామీ ఇచ్చాయి. బదులుగా జపాన్ యుద్ధనౌకలు మధ్యధరా సముద్రానికి కాపలాకు వెళ్లాయి.

చైనా 1917 ఆగస్టు 14న యుద్ధం ప్రకటించింది. రెండు వారాలకు, ఆగస్టు 28న, యొకొహామా స్పీషీ బ్యాంకు కోటి యెన్ల అడ్వాన్సు ఇచ్చింది. పేరుకు కూటమి తరఫున, డబ్బు మాత్రం జపాన్‌ది. మిత్రదేశాలు బాక్సర్ పరిహారం వాయిదాలను ఐదేళ్లు ఆపాయి. నవంబరు 2న అమెరికా విదేశాంగ మంత్రి లాన్సింగ్, జపాన్ రాయబారి ఇషీ ఒప్పందం చేసుకున్నారు, పొరుగుదేశం కాబట్టి చైనాలో జపాన్‌కు ప్రత్యేక ప్రయోజనాలున్నాయని అమెరికా అందులో ఒప్పుకుంది. చైనాను సంప్రదించలేదు.

ఇప్పుడు అసలు ఘట్టానికి వస్తాను. నిషిహారా కామెజో. ఈయన రాయబారి కాడు, మంత్రి కాడు, బ్యాంకరు కూడా కాడు. కొరియాలో వ్యాపారం చేసినవాడు. అక్కడ గవర్నర్ జనరల్‌గా ఉన్న తెరౌచి మసతాకెకు దగ్గరైనవాడు. 1916లో తెరౌచి జపాన్ ప్రధాని అయ్యాడు. కొరియాలోని బ్యాంక్ ఆఫ్ చోసెన్‌కు గవర్నరుగా ఉన్న షోదా కజూఎ ఆర్థికమంత్రి అయ్యాడు. అంటే కొరియాను పాలించిన బృందమే ఇప్పుడు చైనాకు అప్పులివ్వబోతోంది. యుద్ధకాలపు ఎగుమతులతో జపాన్ దగ్గర డబ్బు పోగుపడింది. అప్పటిదాకా అప్పులు తీసుకున్న దేశం ఇప్పుడు అప్పులిచ్చే స్థితికి వచ్చింది.

యొకొహామా స్పీషీ బ్యాంకు ఇస్తే కూటమి నియమాలు అడ్డొస్తాయి. అందుకని బ్యాంక్ ఆఫ్ చోసెన్, బ్యాంక్ ఆఫ్ తైవాన్, ఇండస్ట్రియల్ బ్యాంక్ ఆఫ్ జపాన్, ఈ మూడింటినీ ముందుకు తెచ్చారు. ఇవి పరిశ్రమలకిచ్చే అప్పులే, పరిపాలనకు కాదు, కాబట్టి కూటమికి సంబంధం లేదన్నారు. బీజింగ్‌లోని జపాన్ రాయబారి హయాషిని కూడా చాలావరకు పక్కన పెట్టారు. నిషిహారా నేరుగా ప్రధాని దువాన్ చిరుయ్ మనుషులతో మాట్లాడేవాడు. అటువైపు త్సావో రూలిన్, లూ జోంగ్‌యూ, టోక్యోలో చైనా రాయబారి జాంగ్ జోంగ్‌షియాంగ్.

1917 జనవరిలో బ్యాంక్ ఆఫ్ కమ్యూనికేషన్స్‌కు 50 లక్షల యెన్లు. సెప్టెంబరులో అదే బ్యాంకుకు 2 కోట్లు. 1918 ఏప్రిల్ 30న దేశంలోని టెలిగ్రాఫ్ ఆస్తులు, రాబడి మీద 2 కోట్లు. జూన్‌లో జిలిన్ నుంచి కొరియా సరిహద్దు వైపు వెళ్లే రైలు మార్గానికి కోటి. ఆగస్టు 2న హెయ్‌లోంగ్‌జియాంగ్, జిలిన్ రాష్ట్రాల బంగారు గనులు, అడవుల మీద 3 కోట్లు. సెప్టెంబరు 28న ఒక్కరోజే మూడు ఒప్పందాలు: మంచూరియా, మంగోలియా రైల్వేలకు 2 కోట్లు, షాన్‌డాంగ్ రైల్వేలకు 2 కోట్లు, యుద్ధంలో పాల్గొనే సైన్యం కోసమంటూ ఇంకో 2 కోట్లు. మొత్తం 14 కోట్ల 50 లక్షల యెన్లు. 1913 అప్పులా తరుగు, కమిషన్ కోసుకోలేదు, దాదాపు పూర్తి మొత్తం ముట్టజెప్పారు. దువాన్ మనుషులు దీన్ని గొప్ప విజయంగా చెప్పుకున్నారు.

కానీ ఆ డబ్బు ఏమైంది? ఆ సైన్యం యూరప్ వెళ్లలేదు. గ్వాంగ్‌జౌలో సన్ యట్‌సెన్ పెట్టిన దక్షిణ ప్రభుత్వం మీద, ప్రత్యర్థి సేనానుల మీద పైచేయి కోసం దువాన్ వర్గం వాడుకుంది. టెలిగ్రాఫ్ తీగలు, అడవులు, గనులు తాకట్టు పెట్టి, సొంత దేశస్థుల మీదకే తుపాకులు కొన్నారు. నాకు ఇది చదివిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. అప్పిచ్చిన తెరౌచి తప్పు ఒకెత్తు, తీసుకున్న దువాన్ తప్పు ఇంకొకెత్తు. విదేశీ పెత్తనం గురించి మాట్లాడేటప్పుడు, తలుపు లోపలి గడియ ఎవరు తీశారో కూడా మనం చెప్పాలి.

ఆ సెప్టెంబరు 28 మామూలు తేదీ కాదు. బియ్యం ధరల మీద అల్లర్లతో తెరౌచి ప్రభుత్వం కూలిపోయింది, మర్నాడే హరా తకాషి కొత్త ప్రధాని. దిగిపోయే ప్రభుత్వం చివరి రోజున 6 కోట్ల యెన్ల సంతకాలు పెట్టింది. అంతకు నాలుగు రోజుల ముందు, సెప్టెంబరు 24న, షాన్‌డాంగ్ రైల్వే వెంట జపాన్ సైన్యం, పోలీసు ఏర్పాట్ల గురించి లేఖలు మార్చుకున్నారు. జపాన్ ప్రతిపాదనలకు చైనా ప్రభుత్వం సంతోషంగా అంగీకరిస్తోందని జాంగ్ జోంగ్‌షియాంగ్ రాసిచ్చాడు.

ఆ ఒక్క వాక్యం నాలుగు నెలలకు పారిస్‌లో బయటపడింది. 1919 జనవరి 28న శాంతి సభలో వెలింగ్టన్ కూ, అప్పటికి 30 ఏళ్ల యువ చైనా దౌత్యవేత్త, షాన్‌డాంగ్ చైనాకే రావాలని అద్భుతంగా వాదించాడు. కన్ఫ్యూషియస్ పుట్టిన నేల మాది అన్నాడు. సభ కదిలిపోయింది. అయితే జపాన్ చేతిలో 1918 నాటి కాగితాలున్నాయి. 1915లో అల్టిమేటం ఇచ్చి బలవంతం చేశారని చైనా అనొచ్చు. 1918లో ఎవరూ తుపాకీ పెట్టలేదు కదా, డబ్బు కూడా తీసుకున్నారు కదా అంటే ఏం చెప్పాలి? ఏప్రిల్ 30న విల్సన్, బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్, ఫ్రాన్స్ ప్రధాని క్లెమాన్సో షాన్‌డాంగ్ హక్కులను జపాన్‌కే ఇచ్చారు.

మే 4న బీజింగ్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. త్సావో రూలిన్ ఇంటికి నిప్పుపెట్టారు, అక్కడ దొరికిన జాంగ్‌ను కొట్టారు. ఈ ఉద్యమం గురించి మన దగ్గర సాహిత్యం, సైన్స్, ప్రజాస్వామ్యం కోణంలో చాలా రాశారు. ఆ విద్యార్థులు సరిగ్గా ఆ ఇంటికే ఎందుకు వెళ్లారన్నది మాత్రం తక్కువ రాశారు. అప్పు పత్రాల మీద సంతకం పెట్టినవాడి ఇల్లది. వర్తకులు దుకాణాలు మూశారు, షాంఘై కార్మికులు సమ్మె చేశారు. జూన్ 10న త్సావో, లూ, జాంగ్ ముగ్గురినీ తొలగించారు. జూన్ 28న వెర్సాయ్ ఒప్పందం మీద చైనా ప్రతినిధులు సంతకం పెట్టలేదు. ఆ సంతకం పెట్టకపోవడం నా దృష్టిలో ఆ దశాబ్దంలో చైనా చేసిన గొప్ప పని.

ఇక అమెరికా సంగతి. నిషిహారా అప్పులు చూసి విల్సన్ ప్రభుత్వానికి భయం పట్టుకుంది. 1913లో కూటమిని కాదన్న విల్సనే 1918 వేసవిలో అమెరికన్ బ్యాంకర్లను పిలిచి, నాలుగు దేశాల కొత్త కూటమి పెట్టమన్నాడు. జపాన్‌ను బయట ఉంచి పోటీపడటం కంటే, లోపలికి తెచ్చి కట్టేయడం మేలన్నది ఆలోచన. జపాన్ మంచూరియా, మంగోలియాలను మినహాయించమంది. జె.పి. మోర్గాన్ భాగస్వామి థామస్ లామాంట్ 1920లో టోక్యో, బీజింగ్ వెళ్లి నెలల తరబడి మాట్లాడాడు. పేర్కొన్న కొన్ని రైల్వేలు జపాన్‌కు వదిలేసి, మొత్తం ప్రాంతాన్ని మాత్రం వదలకుండా ఒక మధ్యేమార్గం కుదిరింది. 1920 అక్టోబరు 15న న్యూయార్క్‌లో సంతకాలయ్యాయి. ఇంత చేసి ఆ కూటమి చైనాకు అప్పే ఇవ్వలేదు. చైనాకు బయటి అప్పు పుట్టే దారి మాత్రం బిగుసుకుంది. 1921 నవంబరులో షికాగో బ్యాంకు బాకీ గడువు తీరితే బీజింగ్ కట్టలేకపోయింది. నిషిహారా అప్పుల్లో అత్యధిక భాగం కూడా జపాన్‌కు తిరిగి రాలేదు.

ముందు వరుసలోంచి ఒక ప్రశ్న చీటీ వచ్చింది. 1917లో రైన్ష్ చెప్పినట్టు అమెరికా డబ్బిచ్చి ఉంటే నిషిహారా అవసరం వచ్చేదా అని. మంచి ప్రశ్న. కోటి డాలర్లంటే అప్పటి మారకంలో సుమారు 2 కోట్ల యెన్లు, అంటే నిషిహారా అప్పుల్లో ఒక్కదానితో సమానం. మొత్తం చూసుకుంటే సరిపోదు. కానీ ఇంకో తేడా ఉంది. అమెరికన్ బ్యాంకు అప్పివ్వాలంటే న్యూయార్క్‌లోనో షికాగోలోనో మదుపుదారులకు బాండ్లు అమ్మాలి. వడ్డీ ఎంత, తాకట్టు ఏమిటి, దేనికి వాడతారు, అన్నీ అచ్చువేసి చూపించాలి. దువాన్‌కు అది పనికిరాదు. ఆయనకు కావలసింది లెక్క అడగని డబ్బు. కాబట్టి అమెరికా దగ్గర తీసుకుని, జపాన్ దగ్గరా తీసుకునేవాడని నా నమ్మకం. లెక్క అడగగల వేదిక చైనాలో ఒకటుండేది, పార్లమెంటు. దాన్ని 1917 జూన్‌లో సైన్యాధికారుల ఒత్తిడితో రద్దు చేశారు. 1918 ఆగస్టులో దువాన్ వర్గం తన మనుషులతో కొత్తది నింపుకుంది. నిషిహారా అప్పుల్లో పెద్దవన్నీ ఆ జూన్ తర్వాత వచ్చినవే.